బొద్దు పిల్లికీ ఓ మస్టర్ పుస్తకం!

ముద్దొస్తోందని పాలు పోస్తాం. అరుస్తోందని ముక్క వేస్తాం. చూస్తుండగానే పిల్లి కాస్తా గుమ్మడికాయలా తయారవుతుంది. ఇంట్లో అదొక్కటే ఉంటే గిన్నె తీసేస్తే సరిపోతుంది. పక్కనే మరో బక్కపిల్లి, ఓ కుక్క కూడా ఉంటే? అందులోనూ అది షిఫ్టు డ్యూటీల ఇల్లయితే?

నైట్ షిఫ్ట్ దిగి ఇల్లు చేరేసరికి బాగా తెల్లారిపోతుంది. గేటు చప్పుడు వినగానే అరుగు మీది పిల్లి ఒళ్లు విరుచుకుని లేస్తుంది. కాళ్లకు చుట్టుకుంటూ 'మ్యావ్' అంటుంది. రాత్రంతా గనిలో గడిపి వచ్చిన మనిషికి అంతకన్నా తియ్యటి పలకరింపు ఏముంటుంది? 'ఆకలైతున్నదా బిడ్డా...' అంటూ చాయ్ కోసం పెట్టిన పాలల్లోంచి ఓ గిన్నెడు దానికి పోస్తాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ఫస్ట్ షిఫ్ట్‌కి వెళ్లిన కొడుకు వెళ్తూ వెళ్తూ దానికి ఓ గిన్నెడు పాలు పోసే వెళ్లాడు. ఇంకాసేపటికి అవ్వ లేచి, 'పొద్దటిసంది ఏం తిన్నదో ఏమో' అనుకుంటూ పెరుగన్నం కలుపుతుంది. మధ్యాహ్నం పిల్లలు స్కూలు నుంచి వచ్చి బిస్కెట్ విసురుతారు. సెకండ్ షిఫ్ట్ నుంచి అర్ధరాత్రి వేళ వచ్చే చిన్న కొడుకు భోంచేస్తూ చికెన్ ముక్క పక్కన పెడతాడు. మధ్యలో కుక్క వదిలేసిన గిన్నె, బక్కపిల్లి మిగిల్చిన ముద్ద ఎలాగూ ఉండనే ఉన్నాయి!

గోదావరిఖనిలోనో, యైటింక్లయిన్ కాలనీలోనో, రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లోనో ఇలాంటి ఇంటిని ఊహించుకోవడం కష్టమేమీ కాదు. ఎవరి షిఫ్టు వాళ్లది. ఒకరు పెట్టింది మరొకరికి తెలియదు. మనుషులు ఒక్కో పూట తింటుంటే పిల్లి మాత్రం మూడు షిఫ్టులూ డ్యూటీ చేస్తుంది... తినడంలో!

రాయలవారి పిల్లులు

పిల్లిని పాలతో మేపితే ఏమవుతుందో మన తెనాలి రామకృష్ణుడి కథ ఎప్పుడో చెప్పింది. రాజ్యంలో ఎలుకలు పెరిగాయని రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాల కోసం ఓ ఆవునూ పంచిపెట్టారట. అందరి పిల్లులూ పాలు తాగి కదల్లేనంత బలిశాయి. రామకృష్ణుడి పిల్లి మాత్రం వేడిపాలకు మూతి కాల్చుకుని, పాలంటేనే పారిపోయేది. కథ నవ్వించేదే కానీ అందులో ఓ నిజం ఉంది. పాలు పిల్లికి అవసరమైన తిండి కాదు. తల్లిపాలు మానేశాక చాలా పిల్లుల్లో పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. కొన్నింటికి విరేచనాలవుతాయి. అరిగించుకోగలిగిన వాటికి ఒంట్లో కొవ్వు చేరుతుంది.

ప్రపంచ రికార్డు లావు పిల్లి ఆస్ట్రేలియాలో ఉండేది. పేరు హిమ్మీ. బరువు 21 కిలోలకు పైమాటే. ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే చక్రాల బండిలో తోసుకుపోవాల్సి వచ్చేది. 1986లో, పదేళ్ల వయసులో చనిపోయింది. ఇంట్లో చక్కగా పెరిగే పిల్లులు పదిహేనేళ్లు కూడా బతుకుతాయి. రికార్డు కోసం జనం పిల్లుల్ని మేపి మేపి చంపేస్తారన్న భయంతో గిన్నిస్ వాళ్లు ఆ విభాగాన్నే ఎత్తేశారు.

బొద్దా... జబ్బా?

మామూలు నాటు పిల్లి మూడున్నర నుంచి ఐదు కిలోల మధ్య ఉంటుంది. ఉండాల్సిన దానికన్నా ఐదో వంతు ఎక్కువ ఉంటే అది ముద్దు కాదు, ఊబకాయమే.

తూకం లేకపోయినా తెలుసుకోవచ్చు. పిల్లి పక్కలను అరచేత్తో మెల్లగా తడమండి. పక్కటెముకలు వేళ్లకు తగలాలి. నొక్కితే తప్ప తగలడం లేదంటే పైన కొవ్వు పేరుకున్నట్టే. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక చిన్న నడుము కనిపించాలి. నడుము లేకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉంటే అనుమానించాల్సిందే. వెనక కాళ్ల మధ్య కాస్త వేలాడే తోలు మాత్రం చాలా పిల్లులకు సహజంగానే ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

బొగ్గు పట్టణంలో మరో గుర్తు కూడా ఉంది. పిల్లి శుభ్రమైన జంతువు. ఒంటి మీద పడ్డ నల్లటి దుమ్మును ఎప్పటికప్పుడు నాకి శుభ్రం చేసుకుంటుంది. బాగా లావెక్కిన పిల్లికి మెడ వెనక్కి తిరగదు. నడుం దగ్గర, తోక మొదట్లో బొచ్చు ఉండలు కట్టి, మురికిగా ఉండిపోతుంటే అది బద్ధకం కాదు... అందడం లేదని అర్థం.

అయితే పెద్ద పొట్ట అంతా కొవ్వే అనుకోవద్దు. కాళ్లు, వెన్ను సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ఉబ్బితే గర్భమో, నులిపురుగులో, పొట్టలో నీరు చేరే జబ్బో కావచ్చు. అందుకే తిండి తగ్గించే ముందు ఓసారి పశువుల డాక్టరుకు చూపించడం తప్పనిసరి.

లావైతే ఏమవుతుంది? మనుషుల్లాగే పిల్లికీ షుగరొస్తుంది. ఊబకాయం ఉన్న పిల్లులకు ఆ ముప్పు మామూలు వాటికన్నా కొన్ని రెట్లు ఎక్కువ. కీళ్లు నొప్పి పెడతాయి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రామగుండం వేడిలో ఒంటినిండా కొవ్వున్న పిల్లి పడే అవస్థ వేరే చెప్పాలా!

పాల లెక్క

నాలుగున్నర కిలోలు ఉండాల్సిన పిల్లికి రోజుకు కావాల్సింది సుమారు 200 కేలరీలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించిన పిల్లికి ఆకలి పెరుగుతుంది కానీ ఒంటికి కావాల్సిన శక్తి తగ్గుతుంది. అంటే దానికి ఇంకాస్త తక్కువే చాలు. వంద మిల్లీలీటర్ల చిక్కటి గేదెపాలల్లో వంద కేలరీలకు పైగా ఉంటాయి. ముగ్గురు మూడు షిఫ్టుల్లో ఓ చిన్న గిన్నెడు చొప్పున పోశారనుకోండి... పాలతోనే 300 దాటిపోయాయి. పెరుగన్నం, బిస్కెట్లు, చికెన్ ముక్కలు ఇంకా లెక్కలోకే రాలేదు!

అడవిలో పిల్లి తిండి తీరే వేరు. ఓ చిట్టెలుకలో దాదాపు 30 కేలరీలుంటాయి. పగలూ రాత్రీ వేటాడి ఏడెనిమిది ఎలుకలు తింటే దాని రోజు గడిచిపోతుంది. కొంచెం కొంచెంగా, కష్టపడి తినడం దాని స్వభావం. మన ఇళ్లలో కష్టం పోయింది, కొంచెం కూడా పోయింది.

పస్తు పెడితే ప్రాణానికే ముప్పు

'రెండ్రోజులు కడుపు మాడితే అదే తగ్గుతది' అనే సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. లావు పిల్లి విషయంలో ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా లేదు. తిండి ఒక్కసారిగా ఆగిపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరుతుంది. పిల్లి కాలేయానికి దాన్ని వాడుకునే శక్తి తక్కువ. కొద్ది రోజుల్లోనే కాలేయం కొవ్వుతో నిండిపోయి పనిచేయడం మానేస్తుంది. కళ్లు, చిగుళ్లు పసుపెక్కుతాయి. వెంటనే వైద్యం అందకపోతే పిల్లి దక్కదు. ఎంత లావుగా ఉంటే ముప్పు అంత ఎక్కువ. అందుకే బొద్దు పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టలేదంటే 'పోనీలే, మంచిదే' అనుకోకూడదు. డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

బరువు మెల్లగా తగ్గాలి. వారానికి ఒంటి బరువులో నూటికి ఒక వంతు తగ్గితే చాలు. ఆరున్నర కిలోల పిల్లికి అది వారానికి 65 గ్రాములు. నాలుగున్నర కిలోలకు రావాలంటే ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. పెరగడానికి ఏళ్లు పట్టింది... తగ్గడానికి నెలలైనా ఇవ్వాలిగా! అలాంటి పిల్లికి రోజుకు సుమారు 170 కేలరీలతో మొదలుపెట్టొచ్చు. షాపుల్లో దొరికే పొడి తిండి అయితే 45 నుంచి 50 గ్రాములు. ఏది ఎంతన్నది డాక్టరు చెబితే మరీ మంచిది. కొత్త తిండిని పాతదానిలో కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి.

ఎవరి గిన్నె వాళ్లకే

అసలు చిక్కంతా ఇక్కడే. బొద్దు పిల్లికి తగ్గించాలి, బక్కపిల్లికి తగ్గకూడదు, కుక్క గిన్నె జోలికి రెండూ పోకూడదు. మరి పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

మొట్టమొదట రోజంతా నిండుగా ఉండే గిన్నెను ఎత్తేయాలి. రోజుకు మూడు నాలుగు వేళలు పెట్టుకోవాలి. ఆ సమయానికి బొద్దు పిల్లిని వంటింట్లో తలుపేసి, కుక్కను వరండాలో కట్టేసి, బక్కపిల్లిని మరో గదిలో ఉంచి పెట్టాలి. ఇరవై నిమిషాలయ్యాక తిన్నా, మిగిల్చినా గిన్నెలన్నీ తీసేయాలి.

క్వార్టర్లో గదులు చాలవంటే మరో ఉపాయం. బక్కపిల్లి గిన్నెను అల్మారా మీదో, ఎత్తయిన కిటికీ గట్టు మీదో పెట్టండి. అది ఒక్క దూకులో ఎక్కి తింటుంది. బొద్దు పిల్లి కింద కూర్చుని చూస్తుంది! లేదంటే పెద్ద అట్టపెట్టెకు బక్కపిల్లి మాత్రమే దూరేంత కంత చేసి లోపల గిన్నె పెట్టొచ్చు. విదేశాల్లో దీనికీ యంత్రాలు వచ్చేశాయి. పిల్లి చర్మం కింద ఉండే మైక్రోచిప్‌ను గుర్తుపట్టి, గిన్నె మూత ఆ పిల్లికే తెరుచుకుంటుంది. మన అట్టపెట్టె చేసే పనీ దాదాపు అదే.

కుక్క తిండి తింటే పిల్లి కడుపు నిండొచ్చు కానీ ఒంటికి సరిపోదు. పిల్లి పక్కా మాంసాహారి. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థాన్ని కుక్క తన ఒంట్లోనే తయారు చేసుకోగలదు. పిల్లి కావాల్సినంత చేసుకోలేదు. అది లోపిస్తే పిల్లి గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర ముక్కలూ పెట్టకూడదు. అవి దాని రక్తాన్ని పాడుచేస్తాయి. ఇంకో సంగతి... కుక్కకు వాడే గోమార్ల మందుల్లో కొన్ని పిల్లికి విషం. మన పారాసిటమాల్ కూడా అంతే.

మస్టర్ పడితేనే తిండి!

సింగరేణి ఇళ్లలో మస్టర్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మస్టర్ పడకపోతే ఆ రోజు డ్యూటీ లేనట్టే. పిల్లికీ అదే పద్ధతి పెట్టి చూడండి. పొద్దున్నే ఇంట్లో ఒకరు ఆ రోజు కోటా మొత్తం తూచి ఓ మూత డబ్బాలో పోయాలి. ఏ షిఫ్టు వాళ్లు పెట్టినా అందులోంచే పెట్టాలి. గోడకు వేలాడే క్యాలెండర్లో ఓ గీత గీయాలి. డబ్బా ఖాళీ అయిందంటే పిల్లి డ్యూటీ దిగినట్టే. పక్క క్వార్టర్ వాళ్లకు కూడా 'మా పిల్లి మందుల మీదున్నది వదినా, ఏం పెట్టకుండ్రి' అని ఓ మాట చెప్పి ఉంచాలి. ఎంతటి పిల్లి అయినా గోడ దూకి పక్కింట్లో ఆకలి నాటకం ఆడగలదు!

ఆదివారం తూకం. ముందు పిల్లిని ఎత్తుకుని, తర్వాత ఒంటరిగా తూకం మీద నిలబడి తేడా తీస్తే చాలు. అదీ క్యాలెండర్లోనే రాయాలి.

తిండితో పాటు ఆట. ఖాళీ వాటర్ బాటిల్‌కు నాలుగు కంతలు చేసి గింజల తిండి అందులో వేస్తే, దొర్లించినప్పుడల్లా ఒక్కో గింజ రాలుతుంది. పుల్లకు దారం కట్టి పొద్దునా సాయంత్రం పది నిమిషాలు ఆడించినా మంచి వ్యాయామమే.

మెషీన్లు, తూకాలు, క్యాలెండర్లు... ఇవన్నీ సులువే. కష్టమైందల్లా ఆ 'మ్యావ్'కు కరగకుండా ఉండటం. పెద్ద పిల్లులు తమలో తాము అంతగా 'మ్యావ్' అనుకోవు. ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే. గేటు దగ్గర ప్రతి అరుపూ ఆకలి కాదు. చాలాసార్లు అది 'వచ్చావా' అన్న పలకరింపే. దానికి పాలతో జవాబు చెప్పడం మనమే అలవాటు చేశాం.

కాబట్టి నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి చాయ్ తాగుతూ అరుగు మీద కూర్చోవచ్చు. పిల్లిని ఒళ్లోకి తీసుకుని, దానికి అందని వీపు మీది దుమ్మును ఓ దువ్వెనతో మెల్లగా దువ్వవచ్చు. మొదట్లో రెండు మూడు రోజులు అది గిన్నె వైపే చూస్తుంది. తర్వాత వీపు చూపించి కూర్చుంటుంది. కొన్ని నెలలకు ఓ రోజు అల్మారా మీది బక్కపిల్లి గిన్నె ఖాళీగా కనిపిస్తే కోప్పడకండి. బొద్దు పిల్లి అంత ఎత్తు ఎగిరిందంటే... డైటింగ్ ఫలించినట్టే! ఇక ఆ గిన్నెకు మరో చోటు వెతుక్కోవడమే.