ఎకనామెట్రిక్స్: నేటి పోకడలు

ఆర్థికశాస్త్రంలోని మాటలను లెక్కల గీటురాయిమీద గీసి చూసే విద్యకు ఎకనామెట్రిక్స్ అని పేరు. పేరు బరువుగా వున్నా విషయం మన యింటికి దూరమైనది కాదు. కూలిరేటు పెంచితే పనులు తగ్గుతాయా? బడిలో ఫలానా పద్ధతి పెడితే పిల్లలకు చదువు వస్తుందా? యిటువంటి ప్రశ్నలకు ప్రభుత్వాలు యీ శాస్త్రాన్నే జవాబు అడుగుతాయి. జవాబు తప్పితే నష్టపడేది కూలివాడూ, పిల్లవాడూను.

ఈ విద్యకు సాధనాలు సమకూర్చినవారిలో మనవారొకరున్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో, నేటి కర్ణాటకలోని హడగలిలో, తెలుగు కుటుంబంలో జన్మించారు. 1948లో ఆయన చూపిన 'స్కోర్' పరీక్షను ఎకనామెట్రిక్స్ పండితులు మరో పేరుతో నేటికీ వాడుతున్నారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి పొంది, ఆ యేడే ఆగస్టులో, 102 యేళ్ల వయస్సులో కన్నుమూశారు.

ఇక నేటి పరిశోధనకు ప్రాణం పోలిక. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పొరుగున వున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే యిద్దరు రెండుచోట్లా కలిపి 410 ఫలహారశాలలను పెంపుకు ముందూ, తరువాతా విచారించారు. ఉద్యోగాలు తగ్గిన జాడ లేదని 1994లో ప్రకటించారు. దానిపై వాదాలు చాలా నడిచాయి. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పోలికకే యిటీవల ఒక సవరణ వచ్చింది. చాలా చట్టాలు అన్ని రాష్ట్రాల్లో ఒకేసారి రావు. ఒకచోట ముందు, మరొకచోట వెనుక. ముందే మారిన రాష్ట్రాన్ని మారనిదానివలె పక్కన పెట్టి కొలిస్తే, మేలు కూడా కీడుగా కనిపించవచ్చును. గుడ్‌మన్-బేకన్ అనే ఆయన 2021లో యిది విప్పి చెప్పారు. దానితో ఎన్నో పాత లెక్కలను మళ్లీ తిరగవేయవలసి వచ్చింది.

తెలుగునాట జరిగిన పని ఒకటి చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధిహామీ కూలినీ, పెన్షన్లనూ వేలిముద్రల కార్డుతో చెల్లించే యేర్పాటు జరిగింది. 157 మండలాల్లో యెవరికి ముందు, యెవరికి వెనుక అన్నది చీటీలు తీసినట్లు నిర్ణయించారు. అందువల్ల పోలికలో పక్షపాతానికి తావు లేకపోయింది. కార్తీక్ మురళీధరన్, మరి యిద్దరు కలిసి 2016లో ఫలితం ప్రకటించారు: కూలి త్వరగా చేతికందింది, దారిలో కారిపోయే సొమ్ము తగ్గింది.

ఇవన్నీ చదవడానికి పెద్ద డిగ్రీలు అక్కరలేదు. అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ వారి 'జర్నల్ ఆఫ్ ఎకనమిక్ పర్‌స్పెక్టివ్స్' ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితం. సూత్రాలు దాటవేసినా, మూడు ప్రశ్నలు విడువకూడదు. దేనితో పోల్చారు? ఆ రెండూ నిజంగా పోల్చదగినవేనా? ఒకచోట తేలింది మనచోట చెల్లుతుందా? పత్రికలో 'పరిశోధనలో తేలింది' అన్న వార్త కనబడినప్పుడు మన పిల్లలచేత యీ మూడూ అడిగించండి. అంకెలకు బెదరని అలవాటు ఆ విధంగానే అబ్బుతుంది.