కోర్సు గట్టెక్కాలంటే నలుగురుండాలి

ఏటా జనవరిలో, జులైలో మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక హడావుడి మొదలవుతుంది. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులకు పేర్లిచ్చే రోజులవి. చేరడానికి పైసా కట్టక్కర్లేదు. మాస్టారు క్లాసుకు వచ్చి కోర్సుల జాబితా చదివి వెళ్తారు. ఆ సాయంత్రానికే ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది, అరవై మంది చేరిపోతారు. మొదటి వారం పాఠాల లింకులు, రెండో వారం ఎవరో సీనియర్ దగ్గర దొరికిన నోట్సు తిరుగుతాయి. మూడో వారం నుంచి ఆ గ్రూపులో వినిపించేది ఒకటే మాట: ‘‘వీక్ త్రీ ఆన్సర్స్ ఉంటే పెట్టండి మావా!’’

ఎవరో ఒకరు పెడతారు. అరవై మందీ అవే గుర్తులు కొట్టేస్తారు. పని అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

లెక్క చూడండి. ఎన్‌పీటెల్ కోర్సుల్లో సాధారణంగా వారంవారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, చివర్లో పరీక్షా కేంద్రంలో రాసే పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సయితే బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. సర్టిఫికెట్ చేతికి రావాలంటే 25లో 10, 75లో 30 విడివిడిగా రావాలి. గ్రూపులో దొరికిన జవాబులతో ఆ 25 సులువుగా నిండుతాయి. కానీ కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు పక్కన గ్రూపు ఉండదు. అరవై మంది చేరిన చోట చివరికి పరీక్ష దాకా వెళ్లేది కొద్దిమందే ఎందుకవుతున్నారో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అయినా పరిశోధన జరిగింది. 2012లో ఎంఐటీ తన మొదటి ఆన్‌లైన్ కోర్సుగా సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్స్ పాఠాలు పెడితే ప్రపంచం నలుమూలల నుంచి సుమారు 1,55,000 మంది చేరారు. గట్టెక్కినవాళ్లు 7,157 మంది. ఆ తర్వాత కోర్సులు పెరిగాయి, వేదికలు పెరిగాయి, పూర్తిచేసేవాళ్ల శాతం మాత్రం పెరగలేదు. ఎంఐటీ, హార్వర్డ్ కోర్సుల మీద 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా వెళ్లింది మూడు శాతం పైచిలుకు. మిగిలినవాళ్లంతా తెలివి తక్కువవాళ్లని ఎవరూ అనలేరు. ఆన్‌లైన్ కోర్సులో మీరు ఒక వారం రాకపోతే ‘ఏమైంది?’ అని అడిగే మనిషి ఉండడు. రెండో వారమూ రాకపోతే మూడోసారి రావాలన్న ఆలోచనే రాదు.

దూరవిద్యకు మనిషి తోడు కావాలన్న సంగతి మన దగ్గర కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది తెలుగునేల మీదే. ఇప్పుడది హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పుస్తకాలు ఇంటికి పంపి ఊరుకోకుండా ఊళ్లలో అధ్యయన కేంద్రాలు పెట్టి తరగతులు నడిపింది. ఉద్యోగం చేసుకుంటూ, పొలం పని చూసుకుంటూ డిగ్రీ చదివిన ఒక తరానికి ఆ తరగతుల్లో దొరికిన స్నేహితులే అండ. వీడియో పాఠం వచ్చాక ఆ అండను ఎవరికి వాళ్లే కట్టుకోవాల్సి వస్తోంది.

ఎలా కట్టుకోవాలన్నదానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి జవాబు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది. 1970లలో యూరి ట్రైస్‌మన్ అనే యువకుడు అక్కడ పరిశోధక విద్యార్థి. మొదటి ఏడాది కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువమంది వెనకబడుతున్నారు, చైనా మూలాలున్నవాళ్లు బాగా రాణిస్తున్నారు. అధ్యాపకులను అడిగితే పట్టుదల లేదని, పునాది చాలలేదని, ఇంట్లో ప్రోత్సాహం లేదని తలా ఒక కారణం చెప్పారు. ట్రైస్‌మన్ ఆ మాటలు నమ్మేసి కూర్చోలేదు. రెండు గుంపుల నుంచీ కొందరు విద్యార్థులను ఎంచుకుని, వాళ్ల గదులకు వెళ్లి, ఎలా చదువుతున్నారో నెలల తరబడి చూశాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలబడలేదు. నల్లజాతి విద్యార్థులు బుద్ధిగా, చెప్పినంతసేపూ చదువుతున్నారు. కానీ ఒంటరిగా. తమకు రాని లెక్క పక్కవాడికీ రాలేదని వాళ్లకు తెలియదు. రెండో గుంపువాళ్లు ముందు ఎవరికి వాళ్లు చదువుకుంటున్నారు. ఆ తర్వాత కలుస్తున్నారు, కలిసి తింటున్నారు, ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకుంటున్నారు. అందరూ ఒకేచోట ఆగిపోతే తప్పు తమది కాదని, ఆ లెక్కే కష్టమైనదని తెలుసుకుంటున్నారు. ట్రైస్‌మన్ ఆ పద్ధతినే వర్క్‌షాపులుగా మార్చాడు. తేలికపాటి ట్యూషన్ చెప్పించకుండా కష్టమైన లెక్కలిచ్చి కలిసి చేయించాడు. అంతకు ముందు తప్పినవాళ్ల స్థానంలో మంచి గ్రేడ్లు తెచ్చుకునేవాళ్లు కనిపించారు.

ఇందులో వరస చాలా ముఖ్యం. ముందు ఒంటరిగా, తర్వాత కలిసి. మన కంబైన్డ్ స్టడీలు ఎక్కువగా దెబ్బతినేది ఈ వరస తప్పడం వల్లే. నలుగురూ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వీడియో చూస్తారు. ఒకరికి అర్థమైపోతుంది, ఒకరికి ఆపి మళ్లీ చూడాలనుంటుంది, మొహమాటంతో అడగరు. పాఠం ఎవరింట్లో వాళ్లే, ఎవరి వేగంతో వాళ్లే చూసుకోవాలి. డేటా సరిపోనివాళ్లు కాలేజీ వైఫైలో ముందే దింపుకోవచ్చు. చాలా కోర్సులకు పాఠం మొత్తం అక్షరాల్లో కూడా దొరుకుతుంది. కలిసేది మాట్లాడుకోవడానికి.

ఎంతమంది? నలుగురి నుంచి ఆరుగురు. తాడు లాగే మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని ఫ్రెంచి ఇంజినీరు రింగెల్‌మన్ కొలిచి చూపించి వందేళ్లు దాటింది. అరవై మంది గ్రూపులో జరిగేదీ అదే: లాగేది ఇద్దరు, మిగిలినవాళ్లు తాడు పట్టుకుని నిలబడతారు. ఆరుగురిలో ఒకరు చదవకుండా వస్తే మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మనుషులను ఎంచుకునేటప్పుడు ర్యాంకులు చూడకండి, ఖాళీ వేళలు చూడండి. ‘నాకిది అర్థం కాలేదు’ అని సిగ్గుపడకుండా అనగలిగిన మనిషి ఒక్కరున్నా ఆ గుంపు అదృష్టం చేసుకున్నట్టే.

వేళ మారకూడదు. ‘‘ఈ వారం ఎప్పుడు కలుద్దాం?’’ అని ప్రతిసారీ అడగాల్సి వస్తే మూడో వారానికి ఎవరూ అడగరు. ఇంటిపని మోసే ఆడవాళ్లు గుంపులో ఉంటే సాయంత్రం ఏడు గంటలు పెట్టడమంటే వాళ్లను రావద్దని చెప్పడమే. రాత్రి తొమ్మిదిన్నరో, తెల్లవారుజామునో వాళ్లను అడిగి పెట్టండి. అమెరికాలోని తమ్ముడితోనో, వదినతోనో కలిసి చదివేవాళ్లకు మన శనివారం ఉదయం ఏడు బాగా కుదురుతుంది. న్యూయార్క్‌లో అప్పుడు శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. నవంబరులో అక్కడ గడియారం మార్చాక ఎనిమిదిన్నర అవుతుందని గుర్తుంచుకుంటే చాలు.

కలిసిన గంటను ఎలా వాడాలి? మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. తెల్లకాగితం మీద ఆ వారం పాఠంలో గుర్తున్నదంతా నోట్సు చూడకుండా రాయండి. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి ఒక పాఠం రెండుసార్లు చదవమన్నారు, మరికొందరికి ఒకసారి చదివి గుర్తున్నది రాయమన్నారు. వారం తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతం, రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. కాగితం మీద ఖాళీ ఎక్కడ మిగిలిందో ఆ వారం చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టండి. మొదట మాట్లాడాల్సింది బాగా వచ్చినవాళ్లు కాదు. సగం అర్థమైనవాళ్లు చెప్పడం మొదలుపెడితే ఎక్కడ తెగిపోయిందో అందరికీ కనిపిస్తుంది. అప్పుడు తెలిసినవాళ్లు అందుకోవాలి.

తెలుగులో చెప్పుకోండి. ‘ఎడ్జ్’, ‘నోడ్’, ‘వోల్టేజ్’ అలాగే ఉండనివ్వండి, వాటి మధ్య ఏం జరుగుతోందో ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పండి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ వీడియో ముందు నోరు మెదపరు గానీ ఇక్కడ అందరికన్నా ముందు ప్రశ్న వేస్తారు.

చిక్కు ప్రశ్న వస్తే హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ తొంభైల నుంచి తన క్లాసులో చేయిస్తున్న పని చేయండి. ఎవరి జవాబు వాళ్లు ముందు రాసిపెట్టుకుంటారు. తర్వాత వేరే జవాబు రాసినవారిని ఒప్పించే ప్రయత్నం చేస్తారు. మళ్లీ రాస్తారు. ‘బి కరెక్టా? సి కరెక్టా?’ దగ్గర ఆగకుండా ‘ఎందుకు?’ దాకా వెళ్లేది ఈ దారిలోనే.

మార్కులు వచ్చే అసైన్‌మెంటుకు మాత్రం గట్టి కట్టుబాటు కావాలి. గడువుకు ముందు పాఠం గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు, జవాబు ఎవరూ చెప్పకూడదు, ఫొటో పెట్టకూడదు. గడువు దాటి పరిష్కారాలు వచ్చాక ఎవరెక్కడ తప్పారో విప్పి చూసుకోవాలి. చాట్‌జీపీటీ లాంటివాటికీ ఇదే నియమం. కోర్సు నియమావళి ఎంతవరకు ఒప్పుకుంటుందో మొదటి సమావేశంలోనే కలిసి చదవండి.

అయిదో వారం, ఆరో వారం ప్రమాదకరం. పాఠం బరువెక్కుతుంది, మిడ్ పరీక్షలు వస్తాయి, ఊళ్లో పెళ్లిళ్లు వస్తాయి. ఒకరు రావడం మానేస్తారు. అప్పుడు గ్రూపులో మెసేజ్ పెట్టడం చాలదు, ఫోన్ చేయాలి.

‘‘ఏమే, రెండు వారాల నుంచి కనిపించట్లేదు?’’

‘‘అక్క పెళ్లి కదే. చాలా వెనకబడిపోయా. ఇప్పుడొచ్చి ఏం మాట్లాడను?’’

‘‘ఏం మాట్లాడక్కర్లేదు, వచ్చి విను. పన్నెండులో ఎనిమిదే లెక్క. నీకింకా రెండు వారాలు చేతిలో ఉన్నాయి.’’

ఈ ఒక్క ఫోన్‌తో నిలబడిన కోర్సులు ఎన్నో. పాతవన్నీ పూర్తిచేశాకే వస్తానంటే ఎప్పటికీ రారు. ముందు ఈ వారం పాఠంతో కలవమనండి, వదిలేసినవి ఆదివారాలు మెల్లగా చూసుకోవచ్చు.

ఇంకొకటి, చాలామంది జారిపోయేది ఇక్కడే: కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు వేరు. దానికి విడిగా రుసుము, విడిగా గడువు ఉంటాయి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, దివ్యాంగులకు రాయితీ ఉంది. గుంపులో ఒకరు ఈ తేదీల బాధ్యత తీసుకుని అందరి చేతా ఒకే రోజు నమోదు చేయించాలి. కేంద్రాల్లో సీట్లు నిండిపోకముందే ఒకే ఊరు, ఒకే పూట ఎంచుకుంటే వెళ్లిరావడం తేలిక. ఆడపిల్లల్ని దూరం పంపడానికి వెనకాడే ఇళ్లలో నలుగురు కలిసి వెళ్తున్నారంటే ఆ మాటే తేడా తెస్తుంది.

పరీక్షకు ముందు రెండు వారాలు కొత్త పాఠాల జోలికి పోకండి. పాత ప్రశ్నలతో మూడు గంటల పేపరు కూర్చి ఎవరికి వాళ్లు రాయండి, మర్నాడు కలిసి దిద్దుకోండి. ఫలితాలు వచ్చి, క్రెడిట్ల కాగితాలు కాలేజీ పరీక్షల విభాగంలో ఇచ్చేశాక అదే గుంపు మళ్లీ అలాగే కూర్చోవాలని లేదు. ఐదుగురు పూర్తిచేస్తే, వచ్చే జనవరిలో ఒక్కొక్కరు ముగ్గురేసి జూనియర్లను కూర్చోబెట్టుకోండి. మొదటి రోజు వాళ్లకు మీ సర్టిఫికెట్ చూపించవద్దు. అన్నిటికన్నా తక్కువ మార్కులొచ్చిన మీ అసైన్‌మెంటు చూపించి, ఆ వారం ఎక్కడ ఆగిపోయారో, ఎవరు లేపారో చెప్పండి.