తూకం చూశారు.. కొలత మరిచారు!

బాగేపల్లి: సైకిలు బరువు 7.4 కిలోలు. ఒంటి చేత్తో ఎత్తి భుజాన వేసుకోవచ్చు. అయిన ఖర్చు అక్షరాలా లక్షా ఎనభై వేలు. అంతా బాగుంది. ఒక్కటే చిక్కు. దానిమీద గంటసేపు కుదురుగా కూర్చోలేం!

ఇది మా బావమరిది అనుభవం. పుట్టి పెరిగింది బాగేపల్లిలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇప్పుడు ఉద్యోగం బెంగళూరులో, కాపురం యలహంకలో. 'రాస్తే రాయి బావా, పేరు మాత్రం వద్దు' అన్నాడు. ఎందుకన్నాడో చదివితే మీకే తెలుస్తుంది.

ఆదివారం తెల్లవారుజామున దేవనహళ్లి దాటి నంది కొండ దారిలో నిలబడితే ఇలాంటివాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. సన్నటి టైర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిలు, తలకు హెల్మెట్. బెంగళూరు నుంచి చీకటితోనే బయలుదేరి, 1,478 మీటర్ల ఎత్తున్న కొండ ఎక్కి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. వాళ్లలో మన తెలుగు కుర్రాళ్లూ తక్కువేం లేరు. చిక్కబళ్లాపురం, చింతామణి, గౌరిబిదనూరు, హిందూపురం.. మాట కలిపితే ఊరి యాస బయటపడుతుంది.

గ్రాముకింత అని లెక్క

వీళ్లలో కొందరికి షాపులో దొరికే సైకిలు చాలదు. ఫ్రేము ఒకచోట, చక్రాలు ఇంకోచోట, గేర్లు మరోచోట ఏరికోరి కొని కట్టించుకుంటారు. వాళ్ల భాషలో 'కస్టమ్ బిల్డ్'. ప్రతి వస్తువుకూ బరువు చూస్తారు. 30 గ్రాములు తగ్గితే రెండు వేలు ఎక్కువైనా వెనకాడరు.

మావాడూ అంతే. ఏడాది జీతంలో మిగిల్చిన డబ్బంతా పెట్టాడు. కార్బన్ ఫ్రేము డిస్కౌంటులో దొరికింది. సైజు 56. అతని ఎత్తుకు 54 కావాలి. 'రెండు సెంటీమీటర్లే కదా, సర్దుకుంటుంది' అన్నారట అమ్మినవాళ్లు. సీటు కూడా కార్బనుదే. మెత్త లేదు, పైన తోలు లేదు. తూకం 110 గ్రాములు. సీటు ఎంత ఎత్తులో పెట్టాలి, హ్యాండిలు ఎంత దూరంలో ఉండాలి అని కొలిచినవాళ్లు లేరు. చూడటానికి పోటీల్లో తొక్కేవాళ్ల సైకిల్లా ఉండేలా సీటు పైకి లేపి బిగించారు.

పోయిన దీపావళికి ఆ సైకిలు మీదే ఊరికొచ్చాడు. యలహంక నుంచి బాగేపల్లికి 80 కిలోమీటర్ల పైచిలుకు. వాకిట్లో దిగగానే పిల్లలంతా సైకిలు చుట్టూ మూగారు. మా అత్తగారు పీట వేసి విస్తరి ముందు కూర్చోమంటే, 'నిలబడే తింటానమ్మా' అన్నాడు. అందరం నవ్వాం.

రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. 'పేరేసంద్ర దాటినప్పటి నుంచి కింద తిమ్మిరి బావా. దిగినాక కూడా రెండు గంటలు స్పర్శే లేదు. నెల నుంచి ఇట్లే ఉంది. ఎవరికి చెప్పుకునేది?' పెళ్లయి ఏడాది కూడా కాలేదు. పైకి సైకిలు గొప్ప చెబుతున్నాడే కానీ లోపల భయం పట్టుకుంది. తోటివాళ్లను అడగాలంటే సిగ్గు. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఇంకా సిగ్గు.

'ముందు మనిషిని కొలవల్ల'

మర్నాడు సైకిలు తోసుకుంటూ ఊళ్లోని పాత రిపేరు షాపుకు వెళ్లాం. ఆ పెద్దాయన నలభై ఏళ్లుగా అదే పనిలో ఉన్నాడు. ఒకప్పుడు గంటల లెక్కన అద్దెకు సైకిళ్లిచ్చేవాడు. కార్బన్ సైకిలు చూడటం ఆయనకు కొత్త. ఒకసారి వేలితో ఫ్రేము మీద కొట్టి చూశాడు. 'ఇనుమేనా ఇది?' అని అడిగాడు. తర్వాత మావాణ్ని సీటు పక్కన నిలబెట్టాడు. సీటు నడినెత్తిన చంక ఆనించి చెయ్యి కిందికి చాపమన్నాడు. వేళ్ల కొసలు క్రాంక్ ఇరుసుకు తగలాలి. తగల్లేదు. మోచెయ్యి సీటు ముక్కుకు ఆనించి చెయ్యి ముందుకు చాపమన్నాడు. హ్యాండిలు చాలా దూరంలో ఉంది.

'ఏం నాయనా, కొలతలు ఇయ్యకుండా చొక్కా కుట్టించుకుంటావా? ముందు మనిషిని కొలవల్ల. ఆ తర్వాతే సైకిలు' అన్నాడు. అద్దె సైకిలు ఇచ్చేటప్పుడు కూడా మనిషిని చూసి సీటు ఎక్కించో, దించో ఇచ్చేవాడినని గుర్తుచేశాడు.

పెద్దాయనది చేతి లెక్క. చేయి పొడవు, కాలి పొడవు అందరికీ ఒకే పాళ్లలో ఉండవు కాబట్టి దాన్నే పట్టుకుని కూర్చోకూడదు. కానీ తప్పు ఎక్కడుందో ఆయన రెండు నిమిషాల్లో పట్టేశాడు.

నొప్పి ఎందుకొస్తుంది?

మన నాన్నల కాలం సైకిలు దాదాపు 20 కిలోలు తూగేది. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లం. సీటు వెడల్పు, కింద స్ప్రింగులు. బరువంతా పిరుదుల్లోని రెండు ఎముకల మీద పడేది. బల్ల మీద కూర్చున్నప్పుడు గట్టిగా ఆనేవి అవే.

రోడ్ బైకు మీద ముందుకు వంగాలి. వంగినకొద్దీ నడుము కింది భాగం ముందుకు తిరుగుతుంది. సీటు సన్నగా ఉండి ఆ ఎముకలకు ఆసరా దొరక్కపోతే, బరువు రెండు తొడల మధ్యనున్న మెత్తటి భాగం మీద పడుతుంది. అక్కడ నరాలు, రక్తనాళాలు ఉంటాయి. అవి నలిగితే వచ్చేదే తిమ్మిరి. 'అలవాటైతే పోతుందిలే' అనుకోవడానికి అది కండరాల నొప్పి కాదు. 'చోటు మార్చు' అని ఒళ్లు చెప్పే మాట.

ఇది ఊరికే చెబుతున్నది కాదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే 'నియోష్' సంస్థ సైకిళ్ల మీద గస్తీ తిరిగే పోలీసులను పరిశీలించింది. 90 మందికి ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు తొక్కించింది. అంతకుముందు ఆరు నెలల్లో తిమ్మిరి లేదన్నవాళ్లు 27 శాతమే. సీటు మార్చాక ఆ సంఖ్య 82 శాతానికి పెరిగింది. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. వేగంగా తొక్కేవాళ్లకు సైకిలు అదుపులో ఉండటానికి సీటు ముక్కు అవసరం కనుక అందరూ దాన్ని తీసేయలేరు. కానీ సీటుకూ తిమ్మిరికీ లంకె ఉందన్నది మాత్రం తేలిపోయింది.

ఇంట్లోనే కొలతలు

దీపావళి సెలవు ఇంకా ఒకరోజు ఉంది. ఇంట్లో దొరికిన సామానుతోనే కొలతలు మొదలుపెట్టాం.

మొదట కాలు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. కాళ్ల మధ్య లావుపాటి పుస్తకం పెట్టి పైకి గట్టిగా అదిమాం. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా 81 సెంటీమీటర్లు. టూర్ డి ఫ్రాన్స్‌ను మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారంలో ఉన్న లెక్క ఒకటుంది. ఈ కొలతను 0.883తో గుణిస్తే, క్రాంక్ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. మావాడికి 71.5 సెంటీమీటర్లు వచ్చింది. సైకిలు మీద చూస్తే 73.8! అంటే రెండు సెంటీమీటర్లకు పైగా ఎక్కువ. పెడల్ అందక ప్రతి తొక్కుకూ నడుము అటూ ఇటూ ఊగుతోంది. ఆ ఊగుడుకే చర్మం ఒరుసుకుపోతోంది. ఈ లెక్క మొదలుపెట్టడానికే. బూటు మందాన్ని బట్టి, పెడల్‌ను బట్టి కాస్త తేడా వస్తుంది.

తర్వాత కూర్చునే ఎముకలు. గట్టి మెట్టు మీద అట్టపెట్టె ముక్క పరిచి, దానిమీద కూర్చుని కాస్త ముందుకు వంగమన్నాం. లేచాక అట్ట మీద రెండు గుంటలు. వాటి మధ్య దూరం 125 మిల్లీమీటర్లు. సీటు వెడల్పు దీనికంటే 20 మిల్లీమీటర్లయినా ఎక్కువుండాలి. ఆ లెక్కన 145 కావాలి. అతనిది 128. ఎముకలు సీటు అంచుల మీద వేలాడుతున్నాయన్నమాట!

చివరగా సీటు వాలు. తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి సీటు మీద పెట్టాం. ముక్కు పైకి లేచి ఉంది. మెత్తటి భాగాన్ని అదుముతున్నది అదే. అలాగని ముక్కు మరీ దించితే ముందుకు జారిపోతాం, బరువంతా చేతుల మీద పడి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. సమంగా, లేదా ఒక్క పిసరు కిందికి ఉంటే చాలు.

మెత్తటి సీటు వేస్తే పోదా?

చాలామందికి ముందు తట్టేది ఇదే. జెల్ నింపిన మెత్తటి సీటు పది నిమిషాలు హాయిగానే ఉంటుంది. దూరం పెరిగితే ఎముకలు అందులోకి దిగబడి, మధ్యనున్న మెత్త పైకి ఉబికి అదే చోట ఒత్తుతుంది. కావాల్సింది మెత్తదనం కంటే సరైన వెడల్పు, సరైన ఆకారం. మెత్త సీటుకు బదులు లోపల ప్యాడ్ ఉన్న సైకిల్ నిక్కరు వేసుకోవడం మేలు. దాని కింద లోదుస్తులు వేసుకోకూడదు. వాటి కుట్లే ఒరుసుకుని కురుపులు లేస్తాయి. ఎండలో చెమటపట్టిన నిక్కరు ఉతక్కుండా మర్నాడు వేసుకుంటే ఇక చెప్పక్కర్లేదు.

మావాడు నడిమధ్య పల్లం ఉన్న 145 మిల్లీమీటర్ల సీటు కొన్నాడు. 230 గ్రాములు. ఎత్తు ఒక్కసారే దించలేదు. నాలుగైదు మిల్లీమీటర్ల చొప్పున దించుతూ, మధ్యలో రెండు మూడు రోజులు తొక్కి చూసుకున్నాడు. హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్ 110 మిల్లీమీటర్లది తీసి 90ది వేశాడు. హ్యాండిలు అందడం లేదని సీటును ముందుకు జరిపేవాళ్లుంటారు. అది తప్పు. సీటు జరిగితే మోకాలికీ పెడల్‌కూ ఉన్న పొందిక చెడుతుంది. ఫ్రేములో చోటుంది కనుక 25 మిల్లీమీటర్ల టైర్లు తీసి 28వి వేసి గాలి తగ్గించాడు. గతుకుల దెబ్బ సగం టైరే తినేస్తోంది. ఆఖరున బెంగళూరులో ఫిట్టింగ్ చేసేవాళ్ల దగ్గర తొక్కుతూ వీడియో తీయించుకున్నాడు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలంటారు. అతనిది 32. ఇందుకు కొన్ని వేలు అయ్యాయి. 'ఈ వేలేవో ముందే ఖర్చు పెట్టుంటే, ఆ సీటూ, ఆ ఫ్రేమూ కొనేవాణ్నే కాదు' అంటాడిప్పుడు. ఫ్రేము మాత్రం మార్చలేకపోయాడు. పొడవైన ఫ్రేమును స్టెమ్‌తో సర్దుకోవాల్సిందే.

పెరిగింది 300 గ్రాములు

ఇన్ని మార్పులయ్యాక సైకిలు 7.7 కిలోలు తూగింది. 300 గ్రాములు పెరిగింది. పెద్ద నీళ్ల సీసాలో సగం కూడా కాదు. మనిషి, సైకిలు కలిపి 78 కిలోలనుకుంటే, నంది కొండను అరగంటలో ఎక్కేవాడికి ఈ బరువు వల్ల పోయేది ఆరేడు సెకన్లు. ప్రపంచ స్థాయి పోటీల్లోనే సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుంచి నిబంధన పెట్టింది. ఆదివారం ఉప్మా తిని కొండెక్కే మనకు ఆరు సెకన్లు లెక్కా? తిమ్మిరి తట్టుకోలేక దారిలో ఆగిన నిమిషాలు ఎవరు లెక్కపెట్టారు?

సైకిలు తొక్కే ఆడవాళ్ల సంగతి ఇంకో మెట్టు కష్టం. సాధారణంగా వాళ్లకు కూర్చునే ఎముకల మధ్య దూరం ఎక్కువ. మగవాళ్ల కోసం చేసిన సన్నటి సీటు మీదే పంటి బిగువున తొక్కేవాళ్లున్నారు. బాధ బయటికి చెప్పరు. అట్టముక్క కొలత వాళ్లూ ఇంట్లో తీసుకోవచ్చు. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు.

మావాడి తిమ్మిరి మూడు వారాల్లో తగ్గింది. అయినా డాక్టరును కలిశాడు. నరానికి దెబ్బ తగల్లేదని తేలాకే అతనికి నిద్ర పట్టింది. ఉగాదికి మళ్లీ సైకిలు మీదే వచ్చాడు. ఈసారి నేరుగా ఇంటికి రాలేదు. కొడికొండ చెక్‌పోస్టు మీదుగా లేపాక్షి వెళ్లి, బసవన్నను చూసుకుని వెనక్కి తిరిగి బాగేపల్లి చేరాడు. మొత్తం 130 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో రిపేరు షాపు దగ్గర ఆగితే, పెద్దాయన మళ్లీ సీటుకు చంక ఆనించి చెయ్యి చాపమన్నాడట. వేళ్లు ఇరుసుకు తగిలాయి.

ఇంటికొచ్చాక బొబ్బట్లు పెట్టారు. పీట మీద కూర్చునే తిన్నాడు.

ఇవి గుర్తుంచుకోండి

* సైకిలు కొనకముందే కాలి కొలత తీసుకోండి. డిస్కౌంటు చూసి సైజు మార్చుకోవద్దు.

* సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టండి. పెడల్ అడుగుకు చేరినప్పుడు కాలు సరిగ్గా చాచుకోవాలి. నడుము పక్కకు ఒరిగితే సీటు ఎత్తు ఎక్కువైనట్టే.

* మోకాలి ముందు నొప్పి వస్తే సీటు తక్కువ ఎత్తులో ఉందేమో, వెనక నొప్పి వస్తే ఎక్కువ ఎత్తులో ఉందేమో చూడండి.

* ఒకసారికి ఒక్క మార్పే చేయండి. పాత కొలత కాగితం మీద రాసుకోండి.

* పది పదిహేను నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడి తొక్కండి. రక్తం ఆడుతుంది.

* కార్బన్ భాగాలను చేతి అంచనాతో బిగించొద్దు. ఎంత బిగించాలో వాటిమీదే రాసి ఉంటుంది.

* దిగాక కూడా తిమ్మిరి తగ్గకపోతే సిగ్గుపడకుండా డాక్టరును కలవండి.