బాడుగ యింటి గడప

ఒక యింటిని బాడుగకు ఇచ్చునప్పుడు యజమాని ఇచ్చునదేమి? పుచ్చుకొనువారు పుచ్చుకొనునదేమి? ఈ ప్రశ్న వినుటకు అతి సామాన్యముగా తోచును. కాని దీనికి సరియైన సమాధానము ఇరుపక్షముల వారికిని తెలియకపోవుట చేతనే ఎన్నో కాపురములలో మనస్తాపములు కలుగుచున్నవి. బాడుగ నెలనెలా చెల్లుచునే యుండును. ఇంటికి ఏ హానియు జరిగి యుండదు. అయినను యజమానియో, ఆయన పంపిన బ్రోకరో ముందుగా ఒక మాటయైనను చెప్పక తలుపు తోసికొని లోనికి వచ్చును. వంటగది చూచును, పడకగది చూచును, సెల్‌ఫోనుతో నాలుగు ఫోటోలు తీయును. అదేమని అడిగినచో, "మా యిల్లు మేము చూచుకొనుట కూడ తప్పేనా?" అనును. ఇల్లాలు మారు పలుకలేక ప్రక్కకు తొలగి నిలుచును. ఆమె పడిన ఇబ్బందిని చట్టము గుర్తించునా? గుర్తించును. ఎంతవరకు గుర్తించునో, ఎచ్చట ఆగునో వివరించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

నంద్యాలనే తీసికొందము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఇది జిల్లా కేంద్రమైనది. కార్యాలయములతో పాటు ఉద్యోగులును వచ్చిరి. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు ప్రారంభమైనవి. బ్యాంకు ఉద్యోగ పరీక్షలకు శిక్షణ పొందుటకు వచ్చు యువతీ యువకులకు ఈ పట్టణము చిరకాలముగా పేరొందినది. వీరందరికిని గదులు, పోర్షన్లు కావలెను. యజమాని వేరొక ఊరిలో నున్నచో తాళపుచెవి బ్రోకరు చేతిలో నుండును. అచటికి దక్షిణముగా కడప దారిలో నున్న ఆళ్లగడ్డకు పోయినచో పరిస్థితి కొంత మారును. శిల్పుల ఉలి చప్పుడుతో పేరు పొందిన ఆ ఊరిలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, బదిలీపై వచ్చినవారు సాధారణముగా యజమాని కాపురమున్న యింటిలోనే ఒక భాగమున ఉందురు. కొళాయి ఒకటే, మెట్లు ఒకటే, పెరడు ఒకటే.

కావున గడప దాటి వచ్చువారు రెండు విధములు. ఒకరు ముక్కు మొగము తెలియని ఏజెంటు. మరియొకరు తెలిసిన పెద్దమ్మ. మొదటివాని రాకలో మర్యాద లోపించును. రెండవయామె రాకలో ఆప్యాయత ఉండవచ్చును. కాని "ఏమి వండినావే?" అని మూత యెత్తి చూచునప్పుడు, ఆ గిన్నెలో మాంసమున్నదా యని పరీక్షించుటయే లోపలి ఉద్దేశమైనచో, ఆ ఆప్యాయతయు సోదాయే యగును. పరీక్షకు చదువుకొనుచున్న ఆడపిల్లల గదిని మారు తాళపుచెవితో తెరచి, వారు లేని వేళ బట్టల పెట్టె వరకు చూచుట ఇంకను ఘోరము. అట్టి గదిలో నున్న పిల్ల ఎంత ధైర్యవంతురాలైనను నిశ్చింతగా నిదురింపజాలదు.

ఇది మనకు తెలియని మర్యాద కాదు. మన పల్లెలలో పరుల యింటికి పోవువాడు గడప వెలుపల నిలిచి "ఇంట్లో ఎవరున్నారమ్మా?" అని పిలుచును. మగవాడైనచో ఒక దగ్గు దగ్గి, లోపలివారు కొంగు సవరించుకొనుటకు వ్యవధి యిచ్చి, తరువాతనే అడుగు పెట్టును. నేడు చట్టములు "నోటీసు" అని పిలుచుచున్నది ఆ దగ్గునే.

ఇక చట్టము సంగతి. యజమానికిని బాడుగకున్నవారికిని గల సంబంధమునకు పునాది 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము. దాని 108వ సెక్షనులో రెండు అంశములను ప్రక్క ప్రక్కన పెట్టి చదువవలెను. బాడుగ చెల్లించుచు, ఒడంబడికను పాటించుచు ఉన్నంతకాలము ఆ యింటిని అంతరాయము లేక అనుభవించవచ్చునని యజమాని మాట యిచ్చినట్లే భావింపవలెనని ఒక అంశము చెప్పుచున్నది. బాడుగకున్నవారు ఇంటిని మంచి స్థితిలో ఉంచవలెననియు, యజమానిని గాని ఆయన ఏజెంట్లను గాని "సమంజసమైన వేళలలో" లోనికి రానిచ్చి ఇంటి స్థితిని పరీక్షింపనీయవలెననియు రెండవ అంశము చెప్పుచున్నది. లోపము కనబడినచో వారు నోటీసు ఇయ్యవచ్చును. ఆ లోపము బాడుగకున్నవారి వలననే కలిగినదైనచో నోటీసు అందిన మూడు నెలలలోగా వారే సరిచేయవలెను.

ఈ రెండవ అంశమును జాగ్రత్తగా గమనింపుడు. పరీక్షించునది ఇంటి స్థితిని. ఇంటిలోని మనుష్యుల స్థితిని కాదు. గోడ చెమ్మగిల్లినదా, పైకప్పు కారుచున్నదా, కరెంటు తీగ కాలినదా యని చూడవచ్చును. బీరువా తెరచుటకు, పూజ గదిలో ఎవరి పటమున్నదో చూచుటకు, బంధువులెవరు వచ్చిరని లెక్కించుటకు అందులో అనుమతి లేదు. ఫోటోలు తీయుటను గురించి గాని, ఇల్లు కొనదలచినవారిని వెంటబెట్టుకొని వచ్చుటను గురించి గాని అందులో ఒక్క మాటయు లేదు. అవి ఒడంబడిక వలననో, ఇంటిలోనివారి సమ్మతి వలననో రావలసిన అనుమతులు. ఏజెంటు విషయమున వేరుగ చెప్పవలసినదేమియు లేదు. పంపినవానికి లేని హక్కు వచ్చినవానికి ఉండదు.

అయితే ఈ 108వ సెక్షను "ఒడంబడిక గాని స్థానికమైన ఆచారము గాని వేరుగ లేనప్పుడు" అను నియమముతో ప్రారంభమగుచున్నది. అనగా మనము వ్రాసికొన్న కాగితమునకు మొదటి స్థానము. ఆ కాగితములో ఏమి వ్రాయవలెనో తరువాత చెప్పెదను.

ఇల్లు పరులదైనప్పుడు అందులో మన గోప్యత ఎక్కడిదని కొందరి సందేహము. ఈ సందేహమును తీర్చిన వ్యాజ్యము మన తెలుగు గడ్డ మీదనే పుట్టినది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్టాంపుల చట్టములోని 73వ సెక్షనును సవరించినది. కలెక్టరు అధికారమిచ్చిన వ్యక్తి ఎవరైనను బ్యాంకు మొదలగు చోట్లకు పోయి, అచట నున్న ప్రజల పత్రములను చూచి నకళ్లు వ్రాసికొనవచ్చునని ఆ సవరణ సారాంశము. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకును కెనరా బ్యాంకుకును నడుమ నడిచిన ఆ వివాదములో సుప్రీంకోర్టు 2004వ సంవత్సరము నవంబరు 1వ తేదీన తీర్పు చెప్పి, ఆ సవరణ చెల్లదన్నది. పత్రము బ్యాంకు అధీనములో నున్నంత మాత్రమున ఖాతాదారుని గోప్యత తొలగిపోదనియు, గోప్యత మనుష్యులకు సంబంధించినదే కాని స్థలములకు సంబంధించినది కాదనియు న్యాయస్థానము వివరించినది. ఇదే తర్కమును బాడుగ యింటికి అన్వయించి చూడుడు. గోడలు ఎవరివైనను, ఆ గోడల నడుమ బ్రతుకుచున్నవారి మరుగు వారిదే.

ఈ ఆలోచనకు ఇంకను ముందు ఒక తెలుగు న్యాయమూర్తి మార్గము చూపెను. రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు 1954లో గుంటూరున ఏర్పడిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. తరువాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి యయిరి. ఉత్తరప్రదేశములో పోలీసులు ఖరక్ సింగ్ అను వ్యక్తి యింటికి రాత్రివేళల పోయి తలుపు తట్టుచుండిరి. 1962లో ఆ వ్యాజ్యమును విచారించిన ఆరుగురు న్యాయమూర్తులలో అధిక సంఖ్యాకులు రాత్రి సోదాలను కొట్టివేసినను, గోప్యత రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనిరి. సుబ్బారావుగారు, జె. సి. షా గారితో కలసి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమేయని వేరుగ తీర్పు వ్రాసిరి. ఏబదియైదేండ్ల తరువాత, 2017వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన, పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమిక హక్కుగా అంగీకరించినది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ప్రాథమిక హక్కులు ముఖ్యముగా ప్రభుత్వమునకు కట్టిన కట్టడులు. ఇంటి యజమానితో వచ్చిన తగవులో నేరుగా అక్కరకు వచ్చునవి ఒడంబడికయు, సామాన్య చట్టములును మాత్రమే.

అట్టి సామాన్య చట్టములలో ఒకటి 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత. దాని 329వ సెక్షను అక్రమ ప్రవేశమును గురించి చెప్పుచున్నది. ఇతరుల స్వాధీనములో నున్న ఆస్తిలోనికి నేరము చేయుటకో, బెదరించుటకో, అవమానించుటకో, విసిగించుటకో ప్రవేశించుట నేరము. సెక్షనులోని మాట "స్వాధీనము", "యాజమాన్యము" కాదు. కాని ఉద్దేశము ముఖ్యము. పైకప్పు చూడవచ్చిన యజమానిపై ఈ సెక్షను పనిచేయదు. మాటిమాటికి వచ్చి భయపెట్టువానిపై పనిచేయవచ్చును. స్త్రీ ఏకాంతముగా ఉన్నప్పుడు దొంగచాటుగా చూచుట, చిత్రములు తీయుట 77వ సెక్షను క్రింద వేరొక నేరము. గదిలో రహస్యముగా కెమెరా అమర్చినవాడు ఇల్లు తనదని తప్పించుకొనజాలడు.

ఎన్ని గంటల ముందు చెప్పవలెను? 1882 నాటి చట్టము "సమంజసమైన వేళ" అని ఊరకున్నది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టము దీనిని స్పష్టపరచినది. మరమ్మతు గాని తనిఖీ గాని చేయదలచిన యజమాని, లేక ఆయన నియమించిన మేనేజరు, కనీసము 24 గంటలు ముందుగా వ్రాతపూర్వకముగానో, ఎలక్ట్రానిక్ మార్గముననో తెలియజేయవలెను. కారణము, తేది, వేళ అందులో పేర్కొనవలెను. సూర్యోదయమునకు ముందును, సూర్యాస్తమయము తరువాతను ప్రవేశింపరాదు. అగ్నిప్రమాదము, వరద వంటి ఆపదలు వేరు. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రములు శాసనముగా చేసికొన్నప్పుడే కట్టుబాటగును. అయినను మన ఒడంబడికలో ఆ మాటలనే వ్రాసికొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

మన పిల్లలు చదువులకై పోవుచున్న దేశములలో ఈ వ్యవహారము ఏజెంట్ల సంస్థల చేతులలో నున్నది. ఇంగ్లండులో 1985 నాటి చట్టము ప్రకారము ఇంటి స్థితిని చూచుటకు 24 గంటల వ్రాతపూర్వకమైన నోటీసు కావలెను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో 2010 నాటి చట్టము ఏడు దినముల నోటీసు కోరుటయే గాక, సంవత్సరమునకు నాలుగు తనిఖీలకు మించరాదని లెక్క కట్టినది. నంద్యాలలో పెరిగి సిడ్నీలో బాడుగకున్న పిల్లవానికి లభించు మర్యాద, నంద్యాలలో బాడుగకున్న వాని తోటివానికి లభింపకుండుట న్యాయము కాదు.

యజమాని పక్షమునను చెప్పవలసినది కలదు. జీవితమంతయు కూడబెట్టి కట్టిన యిల్లు అది. బాడుగయే జీవనాధారమైన వితంతువులును కలరు. తూము పూడి గోడ నానుచున్నను చెప్పని బాడుగదారులు ఉన్నారు. తెలియకుండ మరియొకరికి అప్పగించినవారును ఉన్నారు. నోటీసు ఇచ్చి మర్యాదగా వచ్చిన యజమానిని గడపలోనే నిలిపి పంపుట కూడ చట్టమును మీరుటయే. తనిఖీ వద్దనుట హక్కు కాదు. చెప్పి రమ్మనుట హక్కు.

ఇక కాగితము మాట. సాధారణముగా పదునొకండు నెలల ఒడంబడికలు స్టాంపు కాగితముపై వ్రాయుచుందురు. బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత యని మాత్రమే చూచి సంతకము చేయుదురు. ఈసారి క్రొత్తది వ్రాయించునప్పుడు ఈ నాలుగు వాక్యములు చేర్పించుడు: "ఇంటి స్థితిని చూచుటకు యజమాని గాని, పేరు తెలిపి పంపిన ప్రతినిధి గాని 24 గంటలు ముందుగా వాట్సాప్ ద్వారానైనను తెలియజేసి, పగటివేళ, ఇంటిలోనివారు ఉన్నప్పుడే రావలెను. ఆపద వేళ తప్ప మారు తాళపుచెవి వాడరాదు. సమ్మతి లేక ఇంటిలోని మనుష్యులను, వస్తువులను ఫోటోలు తీయరాదు. ఖాళీ చేయు నోటీసు ఇచ్చిన పిమ్మట ఇల్లు చూడవచ్చువారికి ఇరువురును కలసి వేళ నిర్ణయింపవలెను."

ఒడంబడిక ఇదివరకే వ్రాసికొన్నవారు మొదట నోటితో, తరువాత ఒక చిన్న లేఖతో ఈ సంగతి తెలుపవలెను. వచ్చిన తేదీలు, వేళలు వ్రాసి యుంచుకొనవలెను. అప్పటికిని మానకున్నచో సివిల్ కోర్టునుండి నిషేధపు ఉత్తరువు కోరవచ్చును. కోపముతో యజమాని సామానులు బయటవేసి తాళము వేసినచో, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టములోని 6వ సెక్షను క్రింద ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. అచట యాజమాన్యపు హక్కు ప్రస్తావన అడ్డురాదు. వకీలుకు ఇచ్చుకొనలేనివారు 15100 సంఖ్యకు ఫోను చేసి ఉచిత న్యాయసహాయము అడుగవచ్చును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఈ సహాయము లభించును.

ఇవన్నియు చివరి మార్గములు. ఒకే పెరటిలో నీళ్లు పట్టుకొను రెండు కుటుంబములు కోర్టు మెట్లు ఎక్కుట ఎవరికిని సుఖము కాదు. రేపు పది గంటలకు ప్లంబరుతో వత్తుమని ఒక సందేశము పంపుటకు యజమానికి అర నిముషము చాలును. ఆ అర నిముషముతో ఇల్లాలు ఇల్లు సర్దుకొనును, పరీక్షకు చదువుకొను పిల్ల నిశ్చింతగా తలుపు తీయును, యజమానికి తన గోడయు క్షేమముగా కనబడును.