మైనరు ఆస్తికి దస్త్రమే కావలి

1890వ సంవత్సరపు గార్డియన్లు, వార్డుల చట్టము 1951లో హైదరాబాదు రాష్ట్రమునకును వర్తించెను. దాని ప్రకారము, కోర్టు నియమించిన సంరక్షకుడు కోర్టు అనుమతి లేక అనాథబాలుని భూమిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. అట్లు అమ్మినచో, మైనారిటీ తీరిన మూడేండ్లలోగా వార్డు ఆ విక్రయమును రద్దుపరుపుడని దావా వేయవచ్చును. అనుమతి యుండెనో లేదో తేల్చునది పాత దస్త్రమే గదా!

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2022 జూన్ 2న ప్రత్యేక న్యాయజిల్లాలైనవి. అంతకు పూర్వము వరంగల్లు జిల్లా కోర్టు పరిధిలోనివి. ఆనాటి సంరక్షణ దస్త్రములకు గ్రామవారీ పట్టిక వ్రాయించి, ప్రతిని క్రొత్త కోర్టులలో నుంచవలెనని మా మనవి. ఆ మూడేండ్ల గడువు కాగితము వెదకుటలోనే తీరినచో, చట్టమిచ్చిన హక్కు అనాథకు దక్కదు. పొలము అన్యుల పాలగును.