రోగభయమునకు సంఘబలము

కర్షకుని ఋణభారమునకు అనావృష్టి యెంతటి కారణమో, ఇంటఁ బుట్టిన రోగమును అంతటి కారణమే. ఎండిన చేనిని మరుసటి యేఁట మరల విత్తవచ్చును. శస్త్రచికిత్సకై యమ్మిన పొలము తిరిగి వచ్చుట దుర్లభము. ఏ యింటికి రోగము వచ్చునో యెవరును చెప్పఁజాలరు. కాని లక్ష యిండ్లలో ఏఁటికి సుమారు ఎందఱికి శస్త్రచికిత్స కావలసివచ్చునో లెక్కింపవచ్చును. బీమాకు మూలము ఈ లెక్కయే.

కర్ణాటక సహకార సంఘముల సభ్యులకై 2002 నవంబరులో యశస్విని పథకము ప్రారంభింపఁబడి, 2003 జూన్ నుండి అమలు జరిగెను. హృద్రోగ శస్త్రవైద్యులు డాక్టరు దేవీశెట్టిగారు దీనికిఁ బ్రోత్సాహకులు. తలకు ఏఁటికి 60 రూపాయలు చందా. మొదటి యేఁటనే సుమారు 16 లక్షలమంది చేరిరి. ప్రభుత్వమును ద్రవ్యసహాయము చేసెను. చందా సొమ్ము బీమా కంపెనీకిఁ బోక, ఒక ట్రస్టునందే నిలిచెను.

కంపెనీ లేనప్పుడు నష్టభారమంతయు నిధిదే. కావున కట్టుబాట్లు ఆవశ్యకములయ్యెను. ఏ చికిత్సకు ఎంత యను ధరలను ఆసుపత్రులతో ముందే నిర్ణయించుకొనిరి. ఖాళీగా నున్న పడకలు నిండునని ఆసుపత్రులును తక్కువ ధరల కంగీకరించెను. చికిత్సకు ముందు అనుమతి పొందవలెను. అప్పట్లో ఒక శస్త్రచికిత్సకు లక్ష రూపాయలు, ఏఁటికి 2 లక్షలు మేరగా నుండెను. రోగము వచ్చిన పిదప చేరుదమనువారిని ఆపుటకు, సంఘసభ్యత్వమును, చేరుటకు గడువును నియమించిరి.

2005లో చందాను 120 రూపాయలు చేయఁగా ఆ యేఁట సభ్యులు తగ్గిరి. ఇట్టి సమయమున ముందుగా విడిచిపోవువారు సామాన్యముగా ఆరోగ్యవంతులు. రోగభయము గలవారు మిగులుదురు. అప్పుడు తలకగు వ్యయము మఱింత పెరుగును. స్వయంబీమాకు గల ముఖ్యాపాయ మిదియే. 2018లో ఈ పథకము ప్రభుత్వ ఆరోగ్య పథకమున విలీనమై, 2022లో పునరుద్ధరింపఁబడెను.

దీనినుండి మన సంఘములు గ్రహింపవలసిన దేమి? రెండువందల సభ్యుల సంఘము తలకు 60 రూపాయల వంతునఁ గూర్చిన 12,000 రూపాయలే యగును. ఒక్క గుండె చికిత్సతోనే యది హరించును. కావున గ్రామసంఘము ఒంటరిగాఁ బూనుకొనరాదు, జిల్లాలు కలియవలెను. మిగులు సొమ్మును పంచుకొనక దుర్దినములకై నిలువయుంచవలెను. లెక్కలను ఏఁటేఁట సర్వసభ్య సమావేశమునఁ జదివి వినిపింపవలెను. ఆరోగ్యముగా నున్నవారు చెల్లించు చందాయే రోగికి ఔషధము. నేఁటి యారోగ్యవంతుఁడే రేపటి రోగి కావచ్చును. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్విన ఫలమేమి?