నోరు లేని నొప్పి

శ్రావణ మాసం చివర వచ్చే అమావాస్యనాడు విదర్భ పల్లెల్లో పోలా పండుగ జరుగుతుంది. ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, గజ్జెలు కట్టి ఊరేగిస్తారు. పండుగ సందడి అందరూ చూసేదే. దానికి ముందురోజు సాయంత్రం జరిగే పని మాత్రం అంతగా ఎవరి కంటా పడదు. రైతు తన ఎద్దుల మెడలకూ మూపులకూ నెయ్యి, పసుపు కలిపి రుద్ది, వెచ్చగా కాపడం పెడతాడు. మరాఠీలో దీనిని ‘ఖాంద్‌శేకణి’ అంటారు. భుజాన్ని కాచడమని అర్థం. దుక్కులూ దమ్ములూ ముగిసేసరికి కాడి ఆనిన చోట చర్మం ఒరుసుకుపోయి వాచి ఉంటుంది. ఆ వాపుకు వెచ్చదనం, పసుపు ఉపశమనం కలిగిస్తాయి. ఆచారంగా కనిపించే ఈ పని నిజానికి వైద్యమే. తన ఎద్దు నోరు విప్పి చెప్పకపోయినా దానికి నొప్పి ఉందని రైతు గుర్తించాడన్నమాట.

ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ తాలూకాలో వరి ప్రధాన పంట. నదికి ఆవలి ఒడ్డున తెలంగాణలోని కాళేశ్వరం ఉంది. ఈవల తెలుగు, మరాఠీ, గోండి మాట్లాడే ఊళ్లు కలగలిసి ఉన్నాయి. భాషలు వేరైనా ఈ ఊళ్లన్నిటిలోనూ పశువే ఇంటికి ఆధారం. అటువంటి పశువుకు జబ్బు చేస్తే మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే: అది తన బాధను చెప్పుకోలేదు.

చెప్పలేకపోవడమే కాదు, దాచుకుంటుంది కూడా. ఆవు, గొర్రె, మేక, గుర్రం వంటి జంతువులు అడవిలో పులులకూ తోడేళ్లకూ ఆహారమైన జాతులనుంచి వచ్చినవి. మందలో కుంటుతూ, మూలుగుతూ కనిపించేదానినే క్రూరమృగం ముందుగా ఎంచుకుంటుంది. అందువల్ల నొప్పిని బయటపెట్టకపోవడం వాటికి ప్రాణరక్షణ అయింది. వేల ఏళ్లుగా మన కొట్టాల్లో ఉన్నా ఆ అలవాటు పోలేదు. కొత్త మనిషి దగ్గరకు రాగానే జబ్బుపడిన ఆవు సైతం తల ఎత్తి చెవులు రిక్కించి మామూలుగా నిలబడుతుంది. కనుక అనుభవమున్న పశువైద్యుడు కొట్టంలోకి వెళ్లీ వెళ్లగానే పశువును ముట్టుకోడు. కాసేపు దూరంగా నిలబడి చూస్తాడు.

ఒకప్పుడు జంతువులకు నొప్పి తెలియదని వాదించినవారు కూడా ఉన్నారు. జంతువులు యంత్రాలవంటివని 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ భావించాడు. ఆవును పెంచిన ఏ ఇల్లాలినడిగినా ఆ వాదం నిలిచేది కాదు. శరీరశాస్త్రం కూడా ఆమె పక్షమే వహించింది. గాయం వార్తను మోసుకుపోయే నరాలు, వెన్నుపాము, దానిని గ్రహించే మెదడు మనకు ఉన్నట్లే పశువుకూ ఉన్నాయి. మన నొప్పిని తగ్గించే మందులు చాలావరకు వాటి నొప్పినీ తగ్గిస్తాయి. అదే ఒక సాక్ష్యం.

మరి నొప్పిని గుర్తించడం ఎలా? ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజులో దాదాపు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. నెమరు తగ్గిందంటే ఏదో జరిగిందని అర్థం. మేత ముందున్నా ముట్టకపోవడం, మందకు ఎడంగా నిలబడటం, వీపు విల్లులా వంచడం, పళ్లు కొరకడం, పాలు హఠాత్తుగా తగ్గడం ఇవన్నీ గుర్తులే. కడుపునొప్పి అయితే వెనుకకాలితో పొట్టను తన్నుకుంటుంది, మాటిమాటికీ డొక్కవైపు తిరిగి చూస్తుంది, పడుకుంటూ లేస్తూ ఉంటుంది. గిట్టలో ముల్లో మేకో దిగితే బరువంతా మిగతా కాళ్లమీద మోపుతుంది. గాలికుంటు సోకినప్పుడు నోటిలోనూ గిట్టల మధ్యా పుండ్లు పడతాయి గనుక చొంగ కారుస్తూ, అడుగు తీసి అడుగు వేయలేక నిలబడిపోతుంది. పొదుగువాపు వచ్చిన ఆవు పాలు పితకబోతే తంతుంది. ఆ తన్నును పొగరు అనుకుని కొట్టేవారున్నారు. అది పొగరు కాదు.

ముఖాన్నిబట్టి కూడా నొప్పిని చదవవచ్చు. జంతువుల ముఖకవళికలమీద చార్లెస్ డార్విన్ 1872లోనే ఒక గ్రంథం రాశాడు. కాని వాటితో నొప్పిని కొలవవచ్చునన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. 2010లో కెనడా పరిశోధకులు చిట్టెలుకల ముఖాలను పరిశీలించి మొదటి కొలబద్దను తయారుచేశారు. తరువాత గుర్రాలకూ పిల్లులకూ అటువంటివి వచ్చాయి. ఆవుల విషయం 2015లో డెన్మార్క్ పరిశోధకులు ప్రకటించారు. నొప్పితో ఉన్న ఆవు చెవులు వెనక్కి బిగుసుకుంటాయి, లేదా కిందికి వాలతాయి. కళ్లమీద ముడుతలు పడి చూపు ఒకేచోట నిలిచిపోతుంది. ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. మూతి చుట్టూ ఉన్న కండరాలు బిగుస్తాయి. మన పశుల కాపరులకు ఇందులో కొంత ముందే తెలుసు. ‘ముఖం వాడింది’ అని వారనే మాట వట్టి మాట కాదు.

అందుకే పశువుల దవాఖానలో డాక్టరు అడిగే ప్రశ్నలు మందు గురించి కాక అలవాట్ల గురించి ఉంటాయి. ‘నెమరు ఎప్పటినుంచి మానింది? నిన్న ఎన్నిసార్లు పేడ వేసింది? లేచేటప్పుడు ఏ కాలు ముందు ఊనుతోంది?’ వీటికి జవాబు చెప్పగలిగేది రోజూ మేపుకువచ్చే పిల్లవాడే. తండ్రి తడబడుతుంటే పక్కనున్న పిల్లవాడు ‘మొన్న పొద్దుగూకినప్పటినుంచి సారూ’ అని చెప్పడం ఏ దవాఖానలోనైనా కనబడే దృశ్యమే. ఆ ఒక్క మాటతో రోగనిర్ణయం సగం పూర్తవుతుంది.

నొప్పి పూర్తిగా చెడ్డదీ కాదు. విరిగిన కాలు నొప్పి పుట్టబట్టే పశువు దానిని కదపకుండా ఉంచుకుంటుంది. అయితే రోజుల తరబడి సాగే నొప్పి ఇంకో రోగమై కూర్చుంటుంది. పశువు తినదు, పొట్టలో కదలిక మందగిస్తుంది, గాయం ఆలస్యంగా మానుతుంది, లేవలేక పడుకున్నచోటనే పుండ్లు పడతాయి. పూర్వం ఇటువంటి పశువులకు ఇనుపకడ్డీ కాల్చి వాతలు పెట్టేవారు. ఇప్పటికీ అక్కడక్కడ పెడుతున్నారు. వాత వల్ల పాత నొప్పి పోదు, దానికి తోడు కొత్త నొప్పి చేరుతుంది. కాలిన చోట చీము పట్టి పురుగులు పడిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు.

నొప్పి తగ్గించే పద్ధతులలో అతి సులభమైనవి ఇంట్లోనే ఉన్నాయి. పనినుంచి విశ్రాంతి, మెత్తని గడ్డిపరుపు, నోటి దగ్గరకే నీళ్లు, కాడి సరిగా అమరేటట్లు చూసుకోవడం, దెబ్బతగిలిన వెంటనే చల్లని నీటితో, వాపు పాతబడ్డాక గోరువెచ్చగా కాపడం. గడ్చిరోలి జిల్లాలోని కమలాపూర్‌లో అటవీశాఖవారి ఏనుగుల శిబిరం ఉంది. ఒకప్పుడు ఈ ఏనుగులు అడవిలో దుంగలు మోసేవి. చలికాలంలో వాటి అరికాళ్లు పగిలి బాధిస్తాయి. అందుకని ఆ కాలంలో కొన్నాళ్లపాటు వాటికి సెలవిచ్చి, అనేక మూలికలతో కాచిన లేపనాన్ని పాదాలకు పట్టిస్తారు. అంత పెద్ద జంతువు కాలు కింద పెట్టలేక ఇబ్బందిపడుతుంటే మావటి కన్నా ముందు ఎవరికి తెలుస్తుంది?

శస్త్రచికిత్సకు మత్తు అవసరం. మనుషులకు 1846లో ఈథరుతో మొదలైన ఈ విద్య పశువులకూ అందింది. 1943లో స్వీడన్‌లో తయారైన లిగ్నోకేయిన్ అనే మందు నేడు పశువైద్యుని సంచిలో తప్పక ఉంటుంది. దానిని తోక మొదట వెన్నులోకి ఎక్కిస్తే ఆవు నిలబడే ఉంటుంది, వెనుకభాగంలో మాత్రం నొప్పి తెలియదు. ఈత కష్టమైనప్పుడు ఇది ఎంతో ఉపకరిస్తుంది. కోడెలకు విత్తులు నొక్కించడం, కొమ్ములు తీయించడం వంటివి కూడా తాళ్లతో పడదోసి చేయనవసరం లేదు, మత్తుతో చేయించవచ్చు. ఇక్కడ మోతాదు ప్రాణంవంటిది. జైలజీన్ అనే మత్తుమందు గుర్రానికి ఎంత కావాలో, ఆవుకు అందులో దాదాపు పదోవంతు చాలు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. కనుక ‘మనిషికి పనిచేసింది, పశువుకూ పనిచేస్తుంది’ అని దుకాణంనుంచి బిళ్లలు తెచ్చి మింగించడం ప్రమాదం.

వాపు, నొప్పి తగ్గించే మందుల సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. శరీరంలో దెబ్బతిన్నచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. అవి నరాల కొనలను మరింత సున్నితం చేస్తాయి. అందుకే వాచినచోట తాకితే చాలు, ప్రాణం పోయినట్లుంటుంది. ఆస్పిరిన్ వంటి మందులు ఈ పదార్థాల తయారీని ఆపుతాయని ఇంగ్లండుకు చెందిన జాన్ వేన్ 1971లో కనుగొన్నాడు. ఆయనకు 1982లో నోబెల్ బహుమతి లభించింది. ఇదే కుటుంబానికి చెందిన మందు డైక్లోఫినాక్.

చవకగా దొరికే ఈ మందు 1990ల నాటికి మన పశువుల దవాఖానల్లో విరివిగా వాడుకలోకి వచ్చింది. కుంటే ఎద్దుకు, పొదుగువాచిన ఆవుకు ఒక సూది వేస్తే త్వరగా లేచి మేత ముట్టేది. రైతు సంతోషించాడు. వైద్యుడూ సంతోషించాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కాని జబ్బు ముదిరిన పశువుల్లో కొన్ని మందు వేసిన రోజుల్లోనే చనిపోయేవి. వాటి చర్మం ఒలిచి ఊరి బయట వేస్తే రాబందులు వచ్చి తినేవి. జటాయువు వంశమని మనం చెప్పుకునే పక్షి అది. కుళ్లిన మాంసాన్ని అరిగించుకోగల ఆ కడుపుకు ఈ మందు మాత్రం లొంగలేదు. మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాలపై సున్నం పూసినట్లు యూరికామ్లం పేరుకుని, కొద్దిరోజుల్లోనే పక్షి తల వాల్చేసేది.

1980లలో ఆకాశం నిండా కనిపించిన తెల్లవీపు రాబందులు 1992కూ 2007కూ మధ్య మన దేశంలో వెయ్యింటికి ఒకటి మాత్రమే మిగిలాయి. పొడవుముక్కు రాబందులు వందలో మూడు మిగిలాయి. కారణం అంతుబట్టక చాలాకాలం ఏదో అంటురోగమనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2004లో అసలు సంగతి బయటపెట్టారు. వందకు ఒక్క కళేబరంలో ప్రాణం తీసేంత మందు ఉన్నా ఈ పతనానికి చాలునని లెక్క తేలింది. ఒకే కళేబరంమీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి కదా!

రాబందులు పోయాక ఊరి బయట కళేబరాలు కుళ్లిపోయాయి, నీళ్లు చెడ్డాయి, వీధికుక్కలు పెరిగాయి, వాటితో పిచ్చికుక్క కాటు ప్రమాదమూ పెరిగింది. రాబందులు అంతరించిన జిల్లాల్లో 2000 నుంచి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించి ఉంటారని ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఇటీవల అంచనా కట్టారు. ఎద్దు కాలినొప్పికి వేసిన సూది ఇంతవరకూ వచ్చింది.

భారత ప్రభుత్వం 2006లో పశువులకు డైక్లోఫినాక్ తయారీని ఆపించింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని తెలిసి, 2015లో సూదిమందు పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసింది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ అనే మందులను 2023లో పశువులకు నిషేధించింది. ఎసిక్లోఫినాక్ ఆవు శరీరంలోకి వెళ్లాక డైక్లోఫినాక్‌గానే మారుతుంది. పేరు మారినా విషం అదే.

అయితే ఎద్దు నొప్పిని అలాగే వదిలేయాలా? అక్కరలేదు. మెలాక్సికామ్ అనే మందు పశువుకు బాగా పనిచేస్తుందనీ, రాబందుకు హాని చేయదనీ 2006లో ప్రకటించిన పరీక్షల్లో తేలింది. ఇప్పుడు అది సులభంగానే దొరుకుతోంది. దవాఖానకు పోయినప్పుడు రైతు చీటీలో ఉన్న మందు పేరు చదివించుకోవాలి. బడికి పోయే పిల్లలున్న ఇంట్లో అది కష్టం కాదు. మందు వేసిన పశువు పాలను ఎన్నాళ్లు వాడకూడదో కూడా డాక్టరునే అడగాలి. వైద్యం చేసినా పశువు దక్కకపోతే, ఏ మందు వేశారో తెలియని కళేబరాన్ని లోతుగా పూడ్చిపెట్టడం మేలు.

ప్రాణహిత తీరాన ఈ మాటకు ప్రత్యేకమైన విలువ ఉంది. ప్రాణహితలో పెద్దవాగు కలిసేచోట, తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట అనే నిట్టనిలువు కొండచరియ ఉంది. అక్కడ పొడవుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నట్లు 2013లో గుర్తించారు. నది ఈవల గడ్చిరోలి అడవుల్లోనూ రాబందుల కోసం అటవీశాఖ హానికరమైన మందులు లేని కళేబరాలను ఎంపిక చేసిన చోట్ల వేయించే ఏర్పాటు చేసింది. జనం వాటిని రాబందుల భోజనశాలలంటారు. మేత కోసం రోజుకు పదుల కిలోమీటర్లు తిరిగే ఈ పక్షికి నది ఏ ఒడ్డు ఏ రాష్ట్రమో తెలియదు. సిరొంచ వైపు చనిపోయిన ఎద్దు పాలరాపు గుట్టమీది పిల్లకు ఆహారం కావచ్చు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ పిల్ల పెరిగి తాను గుడ్డు పెట్టడానికి ఐదేళ్లు పడుతుంది.